సైకాలజీ ప్రాజెక్టులో లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాలవి. రాసినవారిలో చాలామంది పీజీ సైకాలజీ విద్యార్థులు. ప్రాజెక్టు సమర్పించే గడువు దగ్గరపడుతుండటంతో, సేకరించుకొచ్చిన సమాచారాన్ని కంప్యూటర్‌లో ఎలా విశ్లేషించాలన్న దిగులు దాదాపు అందరిలోనూ ఉంది. ఒకే రకం సందేహాలను కలిపి, ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. నేను ఎం.ఏ. సైకాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో ఉండి చదివే ఇంటర్ విద్యార్థులకూ, ఇంటి నుంచి వచ్చే డేస్కాలర్లకూ పరీక్షల ఆందోళనలో తేడా ఉందా అన్నది నా ప్రాజెక్టు. ప్రశ్నావళి 120 మందితో నింపించాను. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత మాకు లేదు. నెల్లూరులో ఒక డీటీపీ సెంటరు వాళ్లు కాగితాలు ఇస్తే పట్టికలతో సహా అంతా చేసిస్తామంటున్నారు. మా సీనియర్లు చాలామంది అలాగే చేయించుకున్నారట. ఇవ్వవచ్చా? నేనే నేర్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థిని, కావలి

జవాబు: ఇవ్వవద్దమ్మా. ఇంత గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఆ పిల్లలు. వారి జవాబులు పరిశోధనకు తప్ప మరెవరికీ చూపించబోమని మీరు వారికి మాట ఇచ్చి ఉంటారు. ఇంటర్ చదివేవారిలో చాలామంది పద్దెనిమిదేళ్లు నిండనివారు కాబట్టి కాలేజీ నుంచీ, తల్లిదండ్రుల నుంచీ అనుమతి కూడా తీసుకుని ఉంటారు. ‘పరీక్ష ముందు రోజు నాకు ఏడుపు వస్తుంది’ అన్న వాక్యం పక్కన టిక్కు పెట్టిన కాగితం, పైన ఆ పిల్లవాడి పేరుతో సహా, జిరాక్సు మిషన్ పక్కన కట్టగా పడి ఉండటానికి వారెవరూ ఒప్పుకోలేదు. మీ దగ్గరున్నా సరే, ప్రతి కాగితానికీ ఒక సంఖ్య వేసి, పేర్ల జాబితాను వేరుగా దాచి, కంప్యూటర్‌లో ఆ సంఖ్యను మాత్రమే ఎక్కించండి.

రెండో కారణం మీ చదువుకు సంబంధించినది. విశ్లేషణలో కష్టమైన భాగం లెక్కించడం కాదు, దాన్ని యంత్రం క్షణంలో చేస్తుంది. ఏ ప్రశ్నకు ఏ పరీక్ష సరిపోతుంది, ఎవరి కాగితాన్ని ఎందుకు తీసివేయాలి, ఖాళీ వదిలిన జవాబును ఏమి చేయాలి అన్న నిర్ణయాలే అసలు విశ్లేషణ. ఆ నిర్ణయాలను మీ ప్రశ్నావళిని ఒక్కసారైనా చదవని మనిషి తీసుకుంటే, వైవాలో ‘ఈ పరీక్షే ఎందుకు ఎంచుకున్నారు?’ అని అడిగినప్పుడు మీ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఎస్‌పీఎస్‌ఎస్ 1968లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. నార్మన్ నై, డేల్ బెంట్, హాడ్లై హల్ దాన్ని తయారుచేశారు. 2009లో ఐబీఎం ఆ కంపెనీని కొన్నది. దశాబ్దాలుగా సామాజిక శాస్త్రాల విభాగాల్లో పాతుకుపోవడం వల్ల, గణాంక విశ్లేషణ అంటే ఎస్‌పీఎస్‌ఎస్ అనే అభిప్రాయం మన కాలేజీల్లో స్థిరపడింది. ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో దొంగ కాపీ ఎక్కించుకోవలసిన అవసరం మాత్రం ఈ రోజు ఎవరికీ లేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ‘ఆర్’ అనే గణాంక భాష పూర్తిగా ఉచితం. దాని మీద ఆధారపడి పనిచేసే ‘జమోవి’, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘జాస్ప్’ కూడా ఉచితమే. ఈ రెండింటిలో ఆదేశాలు టైపు చేయనవసరం లేదు, మౌస్‌తో నొక్కి ఎంచుకుంటే చాలు.

మీరు జమోవితో మొదలుపెట్టమని నా సలహా. తెర మీద ఎడమ వైపు పట్టిక, కుడి వైపు ఫలితం పక్కపక్కనే ఉంటాయి. ఎడమ వైపు ఒక అంకె మారిస్తే కుడి వైపు ఫలితం వెంటనే మారుతుంది. ఏ అంకె వల్ల ఏది కదిలిందో కళ్లతో చూడగలగడం కొత్తగా నేర్చుకునేవారికి చాలా పెద్ద సాయం. పైగా అది ఎస్‌పీఎస్‌ఎస్ ఫైళ్లను తెరుస్తుంది, మీరు నొక్కిన ప్రతి విశ్లేషణకూ ‘ఆర్’ భాషలో ఆదేశం ఎలా ఉంటుందో చూపిస్తుంది, ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుంది.

అయితే మీ 120 కాగితాలను ఒకటి రెండు రోజులు పక్కన పెట్టి, ముందు పది అంకెలతో అభ్యాసం చేయండి. హాస్టల్ పిల్లలు ఐదుగురి ఆందోళన స్కోర్లు 14, 18, 16, 20, 17 అనీ, డేస్కాలర్లు ఐదుగురివి 12, 15, 13, 16, 14 అనీ అనుకుందాం. సగటులు 17, 14. సగటు నుంచి ఒక్కొక్క స్కోరు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి కూడితే మొదటి గుంపుకు 20, రెండో గుంపుకు 10 వస్తాయి. వాటిని నాలుగేసితో, అంటే గుంపులోని వారి సంఖ్య కంటే ఒకటి తక్కువతో భాగిస్తే విస్తృతులు 5, 2.5. ఒక్కొక్క విస్తృతిని ఆ గుంపులోని వారి సంఖ్యతో, అంటే ఐదుతో భాగించి, రెండింటినీ కూడితే 1.5, దాని వర్గమూలం 1.225. సగటుల తేడా అయిన 3ను ఈ 1.225తో భాగిస్తే 2.449 వస్తుంది. అదే టీ విలువ. రెండు గుంపుల మధ్య ఉన్న దూరాన్ని, గుంపుల లోపల సహజంగా ఉండే చెల్లాచెదురుతో పోల్చి చూడటమే ఈ లెక్క చేసే పని.

ఇప్పుడు ఇవే పది అంకెలను జమోవిలో ఎక్కించండి. హాస్టల్ వారిని ఒక నిలువు వరుసలో, డేస్కాలర్లను ఇంకో నిలువు వరుసలో పెట్టాలని మొదట అందరికీ అనిపిస్తుంది. అలా పెట్టకూడదు. ఒక అడ్డు వరుస అంటే ఒక మనిషి. కనుక పది అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు ఉండాలి: మొదటిది ‘గుంపు’, అందులో 1 లేదా 2, రెండోది ‘స్కోరు’. గుంపు అనేది కేవలం పేరు లాంటి అంకె అనీ, స్కోరు కొలత అనీ సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం మరిచిపోవద్దు. ఆ తరువాత స్వతంత్ర గుంపుల టీ పరీక్షను ఎంచుకుంటే తెర మీద అదే 2.449 కనిపిస్తుంది, పక్కన స్వేచ్ఛాంశాలు (పైన భాగించిన నాలుగేసి కలిపి) 8, పి విలువ (దీని అర్థం కింద మూడో జవాబులో చెప్పాను) 0.040 ఉంటాయి. ఎఫెక్ట్ సైజ్ అన్న చోట టిక్కు పెడితే కోహెన్ డి 1.55 వస్తుంది. సగటుల తేడా, గుంపుల లోపలి చెల్లాచెదురుకు ఎన్ని రెట్లో చెప్పే కొలత అది. మీ చేత్తో వచ్చిన అంకె యంత్రంలోనూ వచ్చిందని ఒక్కసారి చూసిన తరువాత ఆ పట్టికల పట్ల ఉన్న బెదురు చాలావరకు పోతుంది. ఇది నేను ఎందరో విద్యార్థుల్లో గమనించాను.

ఐదేసి మంది మీద తీర్మానాలు చేయకూడదన్నది వేరే సంగతి, ఇది అభ్యాసం మాత్రమే. అయినా చిన్న శాంపిళ్లతో జాగ్రత్తగా ఎలా మెలగాలో చెప్పడానికే ఈ పరీక్ష పుట్టింది. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గోసెట్ కొద్దిపాటి నమూనాల నుంచి నమ్మదగిన నిర్ణయానికి ఎలా రావాలని ఆలోచించి, 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో దీన్ని ప్రచురించారు.

మీ అసలు సమాచారానికి వచ్చేసరికి హాస్టల్ గుంపులోనూ, డేస్కాలర్ గుంపులోనూ సంఖ్యలు సమానంగా లేకపోతే, రెండు విస్తృతులు సమానంగా ఉండాలన్న షరతు అక్కరలేని వెల్చ్ టీ పరీక్షను వాడండి. అదే తెర మీద దానికి ఒక గడి ఉంటుంది. రోజుకు గంటసేపు శ్రద్ధగా కూర్చుంటే ఈ ప్రాజెక్టుకు కావలసినంత పని మూడు, నాలుగు వారాల్లో చేతికి వస్తుంది.

ప్రశ్న: డిగ్రీ విద్యార్థుల ఆత్మగౌరవం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. రోజెన్‌బర్గ్ స్కేలును తెలుగులోకి మార్చి 150 మందికి ఇచ్చాను. క్రాన్‌బాక్ ఆల్ఫా కనీసం 0.70 ఉండాలని మా సార్ చెప్పారు. నాకు 0.12 వచ్చింది. అనువాదం చెడిపోయి ఉంటుందని స్నేహితులు అంటున్నారు. మళ్లీ మొదటి నుంచీ సేకరించాలా? – ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: కంగారుపడి మళ్లీ కాలేజీల చుట్టూ తిరగకండి. ఒక స్కేలులోని వాక్యాలన్నీ ఎంతవరకు ఒకే దిశలో కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె ఆల్ఫా. అనువాదాన్ని తప్పుపట్టే ముందు మీ ఫైలును ఒకసారి తెరిచి చూడాలి.

1965లో వచ్చిన ఈ స్కేలులో పది వాక్యాలున్నాయి. అందులో ఐదు తన గురించి మంచిగా చెప్పుకునేవి, ఐదు తక్కువ చేసుకునేవి. ‘మొత్తం మీద నా పట్ల నాకు తృప్తిగా ఉంది’ అన్న దానికి ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ అని 4 వేసిన అమ్మాయి, ‘నేను దేనికీ పనికిరానని ఒక్కోసారి అనిపిస్తుంది’ అన్న దానికి ‘అసలు ఒప్పుకోను’ అని 1 వేస్తుంది. రెండు జవాబులూ ఎక్కువ ఆత్మగౌరవాన్నే చెబుతున్నాయి, కానీ అంకెల్లో ఒకటి పైన, ఒకటి కింద ఉన్నాయి. ఈ రెండో రకం వాక్యాల స్కోర్లను తిరగవేయకుండా అలాగే కలిపితే, ఒక సగం రెండో సగాన్ని కొట్టేస్తుంది. ఆల్ఫా 0.12కు పడిపోవడానికి, కొన్నిసార్లు సున్నా కంటే కిందికి పోవడానికి కూడా, నేను చూసినంతలో ఎక్కువసార్లు ఇదే కారణం.

నాలుగు మెట్ల స్కేలులో తిరగవేయడమంటే 5 నుంచి పాత స్కోరును తీసివేయడం: 1 కాస్తా 4 అవుతుంది, 2 కాస్తా 3 అవుతుంది. ఐదు మెట్లయితే 6 నుంచి తీసివేయాలి. ఎస్‌పీఎస్‌ఎస్‌లో రీకోడ్ చేసేటప్పుడు పాత వరుస మీదే రాయకుండా, వేరే వరుసలోకి రాయించే మార్గాన్నే ఎంచుకోండి. పాతదాని మీద రాస్తే, వారం తరువాత తిరగవేశామో లేదో గుర్తులేక మరోసారి తిరగవేస్తారు. అప్పుడు అది మళ్లీ మొదటికి వస్తుంది, తప్పు జరిగిన ఆనవాలు కూడా ఫైలులో మిగలదు. జమోవిలో అయితే విశ్వసనీయత విశ్లేషణ తెర అడుగున తిరగవేయవలసిన వాక్యాలకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది. ఏదైనా వాక్యం మిగతావాటికి ఎదురు దిశలో నడుస్తుంటే ఫలితం కింద హెచ్చరిక కూడా చూపిస్తుంది. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి చాలామంది చదవరు. ఆ సాయం ఆల్ఫా వరకే పనికొస్తుంది. మొత్తం స్కోరు కూడేటప్పుడు తిరగవేసిన వరుసలు నిజంగా పట్టికలో ఉండాలి.

రెండోది, ఖాళీ జవాబుల సంగతి. జవాబు లేని చోట 99 అని ఎక్కించడం మన దగ్గర అలవాటు. మంచిదే, కానీ ఆ 99 అంటే జవాబు లేదని అర్థమని సాఫ్ట్‌వేర్‌కు విడిగా చెప్పకపోతే అది దాన్ని నిజమైన స్కోరుగానే తీసుకుంటుంది. ఒక వాక్యానికి నలుగురు 3, 4, 2, 4 వేసి, ఐదో మనిషి ఖాళీ వదిలాడనుకోండి. నిజమైన సగటు 3.25. ఆ 99ను కలిపితే సగటు 22.4 అవుతుంది. నాలుగు దాటని స్కేలులో 22.4 కనిపిస్తే తప్పు వెంటనే దొరుకుతుంది. 150 మందిలో ఒక్కరిదే అయితే సగటు 4 లోపలే ఉండిపోయి కంటికి ఆనదు. అందుకే ఏ పరీక్షా చేయకముందు ప్రతి వరుసకూ కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడటం నియమంగా పెట్టుకోండి. 4 బదులు 44 పడినా అక్కడే బయటపడుతుంది. ఊరి పేర్ల వరుసలో ఒకే కొత్తపట్నాన్ని మూడు రకాల స్పెల్లింగులతో ఎక్కిస్తే అవి మూడు ఊళ్లవుతాయి. అదీ అప్పుడే సరిచేసుకోవచ్చు.

ఇవన్నీ సరిచేసిన తరువాత కూడా ఆల్ఫా తక్కువగానే ఉంటే, అప్పుడు అనువాదం వైపు చూడాలి. ‘ఆ వాక్యాన్ని తీసివేస్తే ఆల్ఫా ఎంత’ అన్న పట్టికలో ఏ వాక్యం ఇబ్బంది పెడుతోందో తెలుస్తుంది. నా ఊహ ఎనిమిదో వాక్యం మీద ఉంది. ‘నా పట్ల నాకు ఇంకా ఎక్కువ గౌరవం ఉంటే బాగుండును’ అనే అర్థమిచ్చే ఆ వాక్యం ఇతర భాషల అనువాదాల్లోనూ చిక్కు తెచ్చిపెట్టింది. ఇంకా మెరుగుపడాలని కోరుకోవడం మంచి లక్షణమని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మన పిల్లలు దాన్ని లోపంగా కాక సదాశయంగా చదివే అవకాశం ఉంది. అటువంటి వాక్యాన్ని చడీచప్పుడు లేకుండా తీసేయకుండా, పది వాక్యాలతో ఎంత వచ్చింది, తొమ్మిదితో ఎంత వచ్చింది అన్నది రెండూ నివేదికలో రాయండి. మీ తెలుగు పాఠాన్ని మూలం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి, మూలంతో పోల్చిన వివరం కూడా అందులో ఉండాలి. ఆ పని చేయకపోయి ఉంటే ఇప్పుడైనా చేయించండి.

ప్రశ్న: నా టీ పరీక్షలో పి విలువ 0.06 వచ్చింది. ఇంకో పదిమందిని కలిపితే 0.05 లోపలికి రావచ్చని, వస్తే అక్కడితో ఆపేయమని ఒక లెక్చరర్ గారు సలహా ఇచ్చారు. అందరూ ఇలాగే చేస్తారట. మనసు ఒప్పుకోవడం లేదు. ఇందులో తప్పుందా? – ఒక విద్యార్థిని, నెల్లూరు

జవాబు: మీ మనసు సరిగ్గానే చెబుతోంది. తప్పుంది, అది చిన్న తప్పు కూడా కాదు.

రెండు గుంపుల మధ్య నిజానికి ఏ తేడా లేదని ఒక క్షణం అనుకోండి. అటువంటి స్థితిలో కూడా, కేవలం ఎవరెవరు శాంపిల్‌లో పడ్డారన్న యాదృచ్ఛికత వల్ల, మీకు వచ్చినంత తేడా గానీ అంతకంటే పెద్దది గానీ ఎంత తరచుగా కనిపిస్తుందో చెప్పేదే పి విలువ. నా పరికల్పన తప్పయ్యే అవకాశం ఆరు శాతం అని దానికి అర్థం లేదు. ఇలా రాసిన ప్రాజెక్టులు ఏటా కనిపిస్తూనే ఉంటాయి. పి విలువ 0.05 కంటే తక్కువైతే ఫలితాన్ని ‘సార్థకం’ అనడం ఆనవాయితీ. ఆ 0.05 అన్న గీతకు విలువంతా ఒక ఒప్పందం నుంచి వస్తుంది: ఎంతమందిని తీసుకోవాలో ముందే నిర్ణయించుకుని, ఒక్కసారే చూస్తామన్న ఒప్పందం అది. మధ్యమధ్యలో చూసుకుంటూ, గీత దాటగానే ఆపేస్తామంటే ఆ ఒప్పందం చెల్లదు. ఏ తేడా లేని చోట కూడా రెండుసార్లు చూస్తే తేడా ఉందని పొరబడే అవకాశం ఐదు శాతం నుంచి ఎనిమిది శాతం దాటుతుంది. ఐదుసార్లు చూస్తే పద్నాలుగు శాతానికి చేరుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతిసారీ 0.05 గీత ప్రకారమే తీర్పు ఇచ్చినట్లు కనిపిస్తుంది, ఎందుకంటే మీరు ఎన్నిసార్లు చూశారో దానికి తెలియదు.

ఇటువంటి అలవాట్ల వల్ల మన శాస్త్రానికి జరిగిన నష్టం చిన్నది కాదు. 2015లో వెలువడిన ఒక పెద్ద సామూహిక ప్రయత్నంలో పరిశోధకులు సైకాలజీ పత్రికల్లో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మూల అధ్యయనాల్లో 97 శాతం సార్థక ఫలితాన్ని ప్రకటించగా, తిరిగి చేసినప్పుడు 36 శాతంలో మాత్రమే అటువంటి ఫలితం వచ్చింది. అందరూ ఇలాగే చేస్తారన్న మాటకు ఒక శాస్త్రం చెల్లించిన మూల్యంగా నేను దాన్ని చూస్తాను. మనుషుల బాధల గురించి మాట్లాడే శాస్త్రం ఇది. మన ఫలితాన్ని నమ్మి రేపు ఒక కాలేజీ తన హాస్టల్ పద్ధతులు మార్చుకోవచ్చు.

మీరు చేయవలసింది ఇది. 0.06ను ఉన్నది ఉన్నట్లు రాయండి. దానితో పాటు సగటుల తేడా, దాని 95 శాతం విశ్వాసాంతరం (అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో చెప్పే హద్దులు), కోహెన్ డి రాయండి. విశ్వాసాంతరం ఎంత వెడల్పుగా ఉందో చూస్తే మీ శాంపిల్ ఈ ప్రశ్నకు చాలిందో లేదో పాఠకుడికే తెలుస్తుంది. ‘దాదాపు సార్థకం’ వంటి మాటలు వద్దు. శాంపిల్ చాలలేదని అనిపిస్తే పరిమితుల అధ్యాయంలో ఆ సంగతి నిస్సంకోచంగా రాయండి, దానికి ఎవరూ మార్కులు తగ్గించకూడదు.

తరువాతి జట్టు విద్యార్థులకు ఒక మాట చెప్పండి. ప్రశ్నావళి పంచడానికి బయలుదేరే ముందే ‘జీ పవర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంతమంది కావాలో లెక్కించుకోవచ్చు. రెండు గుంపుల మధ్య మధ్యస్థమైన తేడాను, అంటే కోహెన్ డి 0.5 ఉన్న తేడాను, 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే ఒక్కొక్క గుంపులో 64 మంది ఉండాలి. ముప్ఫైమంది చాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఇటువంటి తేడాలకు అది చాలదు. ఆ లెక్చరర్ గారితో వాదన పెట్టుకోవలసిన పని లేదు. ‘సార్, ఎంతమందిని తీసుకోవాలో ముందే ప్రతిపాదనలో రాశాం కదా, అక్కడికే ఉంచుతాను’ అని వినయంగా చెప్పండి.

ప్రశ్న: ఇంటర్‌లో హెచ్‌ఈసీ, డిగ్రీలో ఆర్ట్స్ చదివాను. లెక్కలంటే పదో తరగతి నుంచి భయం. సైకాలజీలో ఇంత గణాంకం ఎందుకు పెట్టారు? నాలాంటివాళ్లకు వస్తుందా? – ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: వస్తుంది. మీకు కావలసిన గణితం కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గం, వర్గమూలం. పైన కావలి అమ్మాయికి చెప్పిన పది అంకెల లెక్కను కాగితం మీద చేసి చూడండి, అంతకు మించినది యంత్రం చూసుకుంటుంది. గణాంకాన్ని ఎవరో బయటి నుంచి తెచ్చి సైకాలజీ మీద రుద్దారన్న భావన కూడా సరికాదు. తెలివితేటలను పరిశీలిస్తూ 1904లో చార్లెస్ స్పియర్‌మన్ కారకాంశ విశ్లేషణకు పునాది వేశారు, ర్యాంకు సహసంబంధ పద్ధతి కూడా ఆయనదే. మనం రోజూ వాడే ఒప్పుకుంటాను–ఒప్పుకోను మెట్ల స్కేలును 1932లో రెన్సిస్ లికర్ట్ ఇచ్చారు. 1951లో ఆల్ఫాను ప్రతిపాదించిన లీ క్రాన్‌బాక్ విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త. మనసును నేరుగా చూడలేని మనవాళ్లే ఈ పనిముట్లలో కొన్నింటిని తయారుచేసుకున్నారు. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే కాలేజీ ల్యాబులో జమోవి ఎక్కించమని మీ ప్రిన్సిపాల్ గారిని రాతపూర్వకంగా అడగండి. కాలేజీకి ఖర్చు లేని పని కాబట్టి కాదనడానికి కారణం ఉండదు.

ప్రశ్న: గ్రానైట్ ఫ్యాక్టరీ కార్మికులు 40 మందికి ఎనిమిది వారాలు యోగా శిక్షణ ఇప్పించి, ముందూ వెనకా ఒత్తిడిని కొలిచాను. స్వతంత్ర గుంపుల టీ పరీక్ష చేశాను. తేడా సార్థకం కాలేదు. సరేనా? – ఒక ఎమ్మెస్సీ విద్యార్థి, చీమకుర్తి

జవాబు: పరీక్ష తప్పింది. ముందూ తరువాతా కొలిచినది ఒకే మనుషులను కాబట్టి జత టీ పరీక్ష చేయాలి. పట్టికలో ఒక కార్మికుడికి ఒకే అడ్డు వరుస, అందులో ‘ముందు’, ‘తరువాత’ అని రెండు నిలువు వరుసలు ఉండాలి. స్వభావరీత్యానే ఎక్కువ ఒత్తిడి పడేవారు, తక్కువ పడేవారు అన్న తేడాను ఈ పరీక్ష పక్కకు తీసేస్తుంది గనుక నిజమైన మార్పు ఉంటే కనిపించే అవకాశం పెరుగుతుంది. ఒకవేళ మార్పు సార్థకమని వచ్చినా, అది యోగా వల్లనే వచ్చిందని మాత్రం రాయకండి. శిక్షణ పొందని కార్మికుల గుంపు ఒకటి పోలికకు లేనప్పుడు, ఎండాకాలం దాటడం వల్లనో, పని తగ్గడం వల్లనో వచ్చిన మార్పును యోగా ఖాతాలో వేసే ప్రమాదం ఉంటుంది.

ప్రశ్న: సోషల్ మీడియాలో గడిపే సమయానికీ, ఒంటరితనానికీ సహసంబంధం చూశాను. 240 మంది విద్యార్థుల మీద ఆర్ విలువ (రెండు కొలతలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధ గుణకం) 0.21, పి విలువ 0.001 వచ్చింది. ‘సోషల్ మీడియా ఒంటరితనాన్ని బలంగా పెంచుతుంది’ అని ముగింపు రాశాను. మా మేడమ్ కొట్టేశారు. – ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: మేడమ్ గారు కొట్టేయడం న్యాయమే. మీ వాక్యంలో ‘బలంగా’, ‘పెంచుతుంది’ అన్న రెండు మాటలకూ ఆధారం లేదు.

పి విలువ చిన్నదిగా ఉండటానికి మీ శాంపిల్ పెద్దది కావడం ఒక కారణం. సంబంధం ఎంత బలంగా ఉందో అది చెప్పదు. బలం తెలుసుకోవాలంటే 0.21ను వర్గం చేయండి: 0.044. అంటే ఒంటరితనం స్కోర్లలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో నాలుగు శాతానికి కొద్దిగా మించి మాత్రమే సోషల్ మీడియా సమయంతో కలిసి నడుస్తోంది. ఇక ‘పెంచుతుంది’ అన్న మాట. ఒంటరిగా ఉన్న పిల్లలే ఫోను వైపు ఎక్కువ మొగ్గుతున్నారేమో, ఇల్లు విడిచి హాస్టల్లో ఉండటం వల్ల రెండూ పెరుగుతున్నాయేమో ఈ ఒక్క సంఖ్య తేల్చలేదు.

ఇంకో పని మీరు చేసి ఉండరని నా అనుమానం. సహసంబంధ గుణకం చూసే ముందు చుక్కల పటం గీయించాలి. 1973లో ఫ్రాన్సిస్ అన్‌స్కోమ్ నాలుగు చిన్న దత్తాంశాలను చూపించారు. నాలుగింటిలోనూ సహసంబంధం 0.816 దగ్గరే ఉంటుంది. పటం గీస్తే ఒకదానిలో చుక్కలు ఒక సరళరేఖ చుట్టూ పరుచుకుంటాయి, ఒకదానిలో వంపు తిరుగుతాయి, మిగతా రెండింటిలో ఒకే ఒక్క దూరపు చుక్క మొత్తం ఫలితాన్ని లాగుతుంది. మీ 240 మందిలో రోజుకు పద్నాలుగు గంటలు అని రాసినవారు ముగ్గురో నలుగురో ఉంటే, 0.21లో వారి వాటా ఎంతో పటం చూస్తేనే తెలుస్తుంది. అటువంటి జవాబుల అసలు కాగితాలు తీసి, 1.4 అన్నది 14గా పడిందేమో సరిచూడండి. అవి నిజమైన జవాబులే అయితే తీసివేయకుండా, స్పియర్‌మన్ ర్యాంకు సహసంబంధాన్ని కూడా లెక్కించి పక్కన ఇవ్వండి.

ఆ తరువాత ముగింపును ఇలా రాసి మేడమ్ గారికి చూపించండి: ‘ఈ శాంపిల్‌లో సోషల్ మీడియాలో ఎక్కువ సమయం గడిపేవారిలో ఒంటరితనం స్కోరు కొద్దిగా ఎక్కువగా ఉంది. ఈ సంబంధం సార్థకమైనదే అయినా బలహీనమైనది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఈ అధ్యయనం ద్వారా నిర్ణయించలేము.’